మార్క్ 3 అంబాసిడర్‌లో ఇసుజు ఎంపీఎఫ్ఐ ఇంజిన్ పెట్టాం, వైరింగ్ దగ్గర ఆగిపోయాం

గోదావరి_మార్క్3 (రాజమండ్రి):

నమస్కారమండీ. మాది 1977 మార్క్ 3 అంబాసిడర్, నాన్నగారు కొన్నది. పాత 1489 సీసీ ఇంజిన్ బోర్లు (సిలిండర్ల లోపలి గోడలు) ఇంక ఓవర్‌సైజ్ పిస్టన్లకు కూడా అందనంతగా అరిగిపోయాయి. మంచి బ్లాకు కోసం చాలా తిరిగాం, దొరకలేదు. విజయవాడ ఆటోనగర్‌లో స్క్రాపుకు పోతున్న 2004 అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే మోడల్) కనబడితే ఇంజిను, అయిదు గేర్ల బాక్సు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), ఇంజిన్ మీది వైరింగ్ కిట్ కలిపి తెచ్చుకున్నాం. ఇదే బాడీలో ఇసుజు ఇంజిను పెట్టి కంపెనీయే ఏళ్ల తరబడి అమ్మింది గనక మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు పని సాఫీగానే అయిపోయింది. గేరు వేస్తే చేతికి తెలియనంత మెత్తగా పడుతోంది. నాన్నగారు వచ్చి రోజూ బానెట్ ఎత్తి చూసి వెళ్తున్నారు.

వైరింగ్ మాత్రం ముందుకు కదలట్లేదండీ. ఇంజిన్ కిట్ డ్యాష్‌బోర్డు వైపు వచ్చే కప్లర్‌ను ఎలక్ట్రీషియన్ కోసేసి, వైర్లను పాత కారు వైర్లకు నేరుగా కలిపారు. పాత ఇగ్నిషన్ స్విచ్ వదులైపోయిందని కొత్తది వేశారు. బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీసేసి, ఆ పనికి ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన ఆల్టర్నేటర్‌నే ఉంచారు. డైనమో కటౌట్ (డైనమో కరెంటును అదుపుచేసే పెట్టె) మాత్రం ఫెండర్ మీద ఇంకా అలాగే ఉంది, దానికి వైర్లు కూడా తగిలించే ఉన్నాయి. పెట్రోలు పంపు తాళం ఆన్ చేస్తే చాలు తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడున్న ఇబ్బందులు ఇవి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజిను అంటుకోదు. తాళం వదిలిన క్షణంలో, ఇంజిన్ చక్రం (ఫ్లైవీల్) ఇంకా తిరుగుతుండగా, ఒక్కోసారి టక్కున అందుకుంటుంది. అందుకున్నాక బాగానే నడుస్తుంది కానీ హెడ్‌లైట్లు వేస్తే ఐడిల్ (పెడల్ నొక్కనప్పటి ఇంజిన్ వేగం) పైకీ కిందికీ ఊగుతుంది, చెక్ ఇంజిన్ లైటు వస్తుంది. తాళం తీసేసినా ఇంజిను ఆగదు, గేరులో వేసి క్లచ్ వదిలి ఆపాల్సి వస్తోంది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఎరుపు దగ్గరే ఉంటుంది, రేడియేటర్ చూస్తే అంత వేడి లేదు. స్కానర్ పెడితే ఈసీయూతో కనెక్ట్ అవ్వట్లేదు.

ఇంకొకటి. సెల్ఫ్ కాస్త ఎక్కువసేపు కొట్టాక యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి పడితే చుర్రుమంది. చూస్తే, ఇంజిన్ గది వెనక రేకులోంచి కారు లోపలికి వెళ్ళే దగ్గర దాని ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి సాగింది. సైలెన్సర్ పైపుకు అది దగ్గర్లో కూడా లేదు. మరి ఆ వేడి ఎక్కడిదో తెలియట్లేదు.

ఎలక్ట్రీషియన్ ఈసీయూ పోయిందంటున్నారు. ఇంకో ఈసీయూ కొనే ముందు మీలో ఈ పని చేసినవాళ్ళెవరైనా దారి చూపిస్తారని రాస్తున్నా. మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.


పాతబండి_పక్షపాతి (గుంటూరు):

ఈసీయూ కొనకండి. అందుకున్నాక బాగా నడుస్తోందన్నారు కదా, చచ్చిపోయిన ఈసీయూ ఇంజిన్‌ను నడపదు. దానికి అందాల్సిన కరెంటు అందాల్సిన సమయంలో అందట్లేదు, అంతే. తాళం స్విచ్ వెనక ఏ టెర్మినల్ నుంచి వైరు తీశారో ముందు అది చూడండి. మిగతాది మన కటౌట్ గారు వచ్చి చెబుతారు, ఆయనకు ఈ బండ్ల వైరింగ్ కంఠతా వచ్చు.


కటౌట్_రిలే (విజయవాడ):

బాబూ, ముందు ఆ కేబుల్ సంగతి. అది తేలేవరకూ సెల్ఫ్ కొట్టకండి. ఇంజిను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, అంటే బాడీకీ ఇంజిన్‌కీ మధ్య కరెంటు దారి ఏదీ లేదు. అందుకే కంపెనీ ఇంజిన్ నుంచి చాసిస్‌కు జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తుంది. ఇంజిన్ మార్చినప్పుడు దాన్ని విప్పుతారు, తిరిగి బిగించడం మరిచిపోతారు, లేదా కొత్తగా పెయింటు కొట్టిన చోట బిగిస్తారు. సెల్ఫ్ మోటారు లాగే వందకు పైగా ఆంపియర్లు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి రావాలి కదా, దొరికిన దారి పట్టుకుంటాయి. మీ బండిలో ఆ దారి యాక్సిలరేటర్ కేబుల్ లోపలి ఉక్కు తీగ. అది కాలకుండా ఎలా ఉంటుంది? నేను చూసిన బండ్లలో ఇలాగే చోక్ కేబుల్ కరిగి అతుక్కుపోయినవి ఉన్నాయి, గేరు లింకేజీ బుష్ మాడినవి ఉన్నాయి.

మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక కొస బ్యాటరీ నెగటివ్ పోస్టుకే తాకించండి. క్లాంపుకు కాదు, పోస్టుకు. రెండోది ఇంజిన్ బ్లాకు మీద, పెయింటు లేని బోల్టు తలకు. ఇంకొకరిని ఒక్క క్షణం సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టు లోపుంటే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే బాగాలేదు. మీ బండిలో ఒకటి దాటినా నేను ఆశ్చర్యపోను. మందు సులువే: బ్యాటరీ నెగటివ్ నుంచి 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ ఒకటి నేరుగా గేర్‌బాక్స్ బోల్టుకు, అక్కడి నుంచి అల్లిక పట్టీ ఒకటి చాసిస్‌కు. థింబుల్ (వైరు కొసకు వేసే లోహపు రింగు) కూర్చునే చోట ఎమరీ కాగితంతో తెల్ల ఇనుము కనబడేదాకా రుద్దండి. బిగించాక పైన గ్రీజు రాయండి.

హెడ్‌లైట్లు వేస్తే ఐడిల్ ఊగడం కూడా ఇదే రోగం కావచ్చు. ఈసీయూకు రెండు రకాల ఎర్త్‌లుంటాయి, మన వాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒకటి పవర్ ఎర్త్, ఇంజెక్టర్లూ, ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే కాయిళ్ళూ లాగే కరెంటు దాంట్లోంచి వెళ్తుంది. రెండోది సెన్సర్ ఎర్త్. థ్రాటిల్ సెన్సరు, టెంపరేచర్ సెన్సరు వంటివాటి నుంచి వెనక్కి ఈసీయూకే వచ్చే వైరు అది. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ బాడీకి బిగించకూడదు. థ్రాటిల్ సెన్సర్ 0 నుంచి 5 వోల్టుల మధ్య మాట్లాడుతుంది. సరిగా లేని ఎర్త్ వల్ల అర వోల్టు తేడా వచ్చిందనుకోండి, మీ కాలు పెడల్ మీద లేకపోయినా థ్రాటిల్ పదో వంతు తెరుచుకుందని ఈసీయూ నమ్ముతుంది. లైట్లు వేస్తే కరెంటు పెరుగుతుంది, తేడా పెరుగుతుంది, ఈసీయూ పెట్రోలు మారుస్తుంది, మళ్ళీ దించుతుంది. మీకు ఊగుతున్నట్టు కనబడుతుంది. డ్యాష్‌బోర్డు కింద స్క్రూకు ఎర్త్ వైర్లన్నీ గుత్తంగా బిగించి ఉంటే విప్పేయండి. పవర్ ఎర్త్‌లకు కంపెనీ వేసిన థింబుల్స్ ఇంకా ఉంటాయి. అవి ఇంజిన్ మీదికే వెళ్ళాలి.

ఇప్పుడు స్టార్టింగ్. తాళం స్విచ్ వెనక మూడు రకాల ఔట్‌పుట్లు ఉంటాయి. రేడియోకి ఇచ్చేది సెల్ఫ్ కొట్టేటప్పుడు కట్ అవుతుంది, బ్యాటరీ శక్తంతా సెల్ఫ్‌కు వెళ్ళాలని అలా చేస్తారు. ఇగ్నిషన్‌ది ఆన్‌లోనూ, సెల్ఫ్‌లోనూ ఉంటుంది. మూడోది సెల్ఫ్‌లో మాత్రమే. మీ ఈసీయూకు రేడియో టెర్మినల్ నుంచి ఇచ్చారని నా అనుమానం. సెల్ఫ్ కొట్టినంతసేపూ ఈసీయూ నిద్రలో ఉంటుంది, తాళం వదలగానే లేస్తుంది, అప్పటికి చక్రంలో ఇంకా ఊపు ఉంటే అందుకుంటుంది. ఈసీయూ ఇగ్నిషన్ వైరు దగ్గర మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టి చూడండి. సున్నా కనబడితే ఇంక వేరే వెతుకులాట అక్కర్లేదు. పాత బండ్లలో ఇంకో ఉచ్చు కూడా ఉంది, కాయిల్‌కు బాలస్ట్ రెసిస్టెన్స్ వైరు. దాంట్లోంచి కాయిల్‌కు ఎనిమిది తొమ్మిది వోల్టులే వస్తాయి. పాయింట్లున్న కాయిల్‌కు అదే కావాలి, ఈసీయూకు మాత్రం పనికిరాదు. మీటరు పెడితే 12 కనబడి మోసం చేస్తుంది, ఎందుకంటే కరెంటు లాగనప్పుడు అందులో వోల్టేజీ పడిపోదు. అక్కడ బల్బు పెట్టి చూడాలి.

పంపు సంగతి అన్నిటికంటే నన్ను కలవరపెడుతోంది. కార్బ్యురేటర్‌కు పాత పంపు ఇచ్చే ఒత్తిడి మూడు నాలుగు పీఎస్ఐ. ఎంపీఎఫ్ఐ పంపు దాదాపు 3 బార్, అంటే 43 పీఎస్ఐ దగ్గర. తాళం ఆన్‌లో ఉంటే పంపు ఆగదన్నారు. రేపు ఎక్కడైనా గుద్దుకుని పైపు తెగితే ఇంజిను ఆగిపోతుంది గానీ పంపు మాత్రం పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. పంపు రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఈసీయూ నడిపించాలి. తాళం వేయగానే రెండు మూడు సెకన్లు తిరిగి ఆగాలి, ఇంజిను తిరగడం మొదలైతే మళ్ళీ నడవాలి, ఇంజిను ఆగితే అదీ ఆగాలి. మీ కిట్‌లో ఆ రిలే వైరు ఉండే ఉంటుంది, వెతకండి. డిక్కీలో టాంకు దాకా పంపు వైరు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్లు వేయించండి, దాని ఎర్త్ కూడా అంతే. పాత రబ్బరు పైపు ఎక్కడ ఉన్నా తీసి ఇంజెక్షన్ పైపు వేయించండి, రిటర్న్ లైనుతో సహా.

తాళం తీసినా ఆగకపోవడం ఆల్టర్నేటర్ చేసే పని. ఛార్జింగ్ లైటు ఇగ్నిషన్ వైరుకూ ఆల్టర్నేటర్ ఎల్ టెర్మినల్‌కూ మధ్య ఉంటుంది. మీరు తాళం తీసినా ఆల్టర్నేటర్ తిరుగుతూనే ఉంటుంది కదా, ఆ లైటు గుండా కరెంటు వెనక్కి ఇగ్నిషన్ వైరులోకి వస్తుంది. వచ్చేది కొంచెమే, కానీ ఈసీయూకు కరెంటు ఇచ్చే మెయిన్ రిలేను పట్టి ఉంచడానికి ఆ కొంచెం చాలు. ఇంజిన్ నడుస్తుండగా ఎల్ వైరు పీకి, తాళం తీయండి. ఆగిపోయిందా, దొంగ దొరికినట్టే. ఛార్జింగ్ లైటు వైరులో 1ఎన్4007 డయోడ్ ఒకటి వేయండి, తెల్లగీత ఆల్టర్నేటర్ వైపు ఉండాలి. తిరగేస్తే ఛార్జింగ్ లైటు వెలగదు, ఆల్టర్నేటర్ మేలుకోదు.

ఇంక ఆ కటౌట్ తీసేయండి. నా పేరు అదే పెట్టుకున్నాను, దాని మీద నాకు ప్రేమ ఉంది, అయినా చెబుతున్నా, ఆల్టర్నేటర్ ఉన్న బండిలో దానికి పని లేదు. లోపలే రెగ్యులేటర్ ఉన్న ఆల్టర్నేటర్‌కు అది అడ్డు. ఏ, ఏ1 టెర్మినళ్ళలోని గోధుమరంగు వైర్లను ఒకటిగా కలిపి గట్టిగా క్రింప్ చేయండి. డీ, ఎఫ్ వైర్లను చివర్లు మూసి పక్కకు కట్టేయండి. కానీ ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటును ఆ పాత గోధుమ వైరు మీద వదలకండి. ఆ వైరు 22 ఆంపియర్ల డైనమోకు వేసింది. లెక్క చూడండి: మూడు మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 0.021 ఓమ్ వస్తుంది. 40 ఆంపియర్లు పారితే 0.84 వోల్టు వైరులోనే కరిగిపోతుంది, 34 వాట్ల వేడి డ్యాష్‌బోర్డు వెనక పుడుతుంది. అదే 10 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 0.21 వోల్టుతో సరిపోతుంది. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి కొత్త లావు వైరు నేరుగా, మధ్యలో ఫ్యూజ్ లింకుతో వేయండి.

అన్నిటికీ మూలమైన మాట ఒకటి చెబుతా. రంగులు చూసి కలపడమే మీ బండికి ఈ గతి పట్టించింది. పాత బండిది లూకాస్ రంగుల పద్ధతి. గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఇగ్నిషనే కానీ ఫ్యూజ్ దాటాక, ఊదా ఫ్యూజ్ ఉన్న శాశ్వత కరెంటు, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు సైడ్ లైట్లు, నలుపు ఎర్త్. ఇసుజు కిట్ ఆ పద్ధతిలో కుట్టింది కాదు. దాంట్లో తెలుపు ఇగ్నిషన్ కావాలనీ లేదు, ఎరుపు సైడ్ లైటు కావాలనీ లేదు. ఒక్కో వైరునూ ఈసీయూ పిన్ను నుంచి రెండో కొస దాకా మీటరు బీప్‌తో చూసి, చీటీ కట్టి, కాగితం మీద రాసుకుంటే తప్ప నమ్మకూడదు.

అంతకంటే ముఖ్యం, కొత్త ఇంజిన్ వైరింగ్‌ను పాత బండి వైరింగ్‌తో కలగాపులగం చేయకండి. పాత బండిలో ఉన్నది రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకైతే ఫ్యూజే లేదు. దానిమీద ఈసీయూ, ఇంజెక్టర్లు, పంపు అన్నీ వేలాడదీస్తే ఏదో ఒక రోజు పొగ వస్తుంది. బ్యాటరీ పక్కన చిన్న రిలే పెట్టె ఒకటి పెట్టి మెయిన్ రిలే, పంపు రిలే, ఫ్యాను రిలే, వాటి ఫ్యూజులు అందులో ఉంచండి. పాత బండి నుంచి ఈ కిట్‌కు రావాల్సినవి అయిదో ఆరో వైర్లు మాత్రమే: తాళం ఇగ్నిషన్, సెల్ఫ్, ఛార్జింగ్ లైటు, డ్యాష్‌బోర్డు మీటర్లకు టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్, చెక్ ఇంజిన్ బల్బు. తాళం వైరు రిలే కాయిల్‌ను మాత్రమే నడిపించాలి, రిలే పిన్నుల్లో 86కు అది, 85 ఎర్త్, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాటి వచ్చిన వైరు, 87 నుంచి ఈసీయూకు. ఇలా చేస్తే ఎప్పుడు ఏది పాడైనా ఏ వైపుదో వెంటనే తెలుస్తుంది. మీ పాత బండి లైట్లూ హారనూ కూడా మునుపటిలాగే ఉంటాయి.

ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ వైరుకు చుట్టూ షీల్డు ఉంటుంది. దాన్ని ఈసీయూ వైపు కొస ఒక్కటే ఎర్త్ చేయాలి. ప్లగ్గు వైర్లకు దూరంగా పోనివ్వండి.

స్కానర్ గురించి: పదహారు పిన్నుల సాకెట్‌లో 16లో బ్యాటరీ, 4, 5లో ఎర్త్ రావాలి. ఆ కాలపు బండ్లు చాలావరకు 7వ పిన్ను మీదుగా మాట్లాడతాయి. కప్లర్ కోసినప్పుడు ఆ వైరు గాలిలో వదిలేసి ఉంటారు.

ముందు ఎర్త్, తర్వాత తాళం టెర్మినల్. ఈ రెండూ చూసి రీడింగులు రాయండి.


డాలస్_షెడ్డు (టెక్సస్):

కటౌట్ గారు చెప్పిన రిలే పెట్టె మాటకు ఇక్కడి నుంచి ఒక సాక్ష్యం. నాది 1985 షెవర్లే సీ10 ట్రక్కు, అందులో 2003 ట్రక్కు నుంచి తీసిన 5.3 లీటర్ల వీ8 పెట్టాను. ఇక్కడ ఈ మార్పిడి చేసేవాళ్ళు వేలల్లో ఉన్నారు. అందరూ చేసేది అదే: ఇంజిన్ వైరింగ్‌ను విడిగా, సొంత కాళ్ళ మీద నిలబడేలా తయారుచేసుకుని, పాత ట్రక్కు వైరింగ్‌ను ముట్టుకోకుండా వదిలేయడం. నేను కిట్ మొత్తం విప్పి, గ్యారేజీ నేల మీద పరిచి, అక్కర్లేని వైర్లు ఒక్కొక్కటే పిన్ను దగ్గర నుంచి లాగేశాను. మధ్యలో కోసి వదిలేసిన వైరు ఎప్పుడో షార్ట్ అవుతుంది. పిన్ను దగ్గర తీసేస్తే ఆ భయం లేదు.

నా ఇంజిన్‌కు యాక్సిలరేటర్ కేబుల్ లేదు, ఎలక్ట్రానిక్ పెడల్. పెడలు, దాని మాడ్యూలు, ఈసీయూ మూడూ ఒకే జాతివి కాకపోతే థ్రాటిల్ అసలు తెరుచుకోదు. పైగా ఆ ఈసీయూలో దొంగతనం తాళం ఉంది, ప్రోగ్రాంలో దాన్ని ఆపించేదాకా ఇంజిను అంటుకుని రెండు సెకన్లలో ఆగిపోయేది. అన్నా, మీ 2004 ఇంజిన్‌కు కేబుల్ థ్రాటిల్ ఉండటం మీ అదృష్టం, ఇంజిను అందుకుని నడుస్తోంది గనక దొంగతనం తాళం గొడవా ఉన్నట్టు లేదు. చాలా పెద్ద చిక్కులు రెండు మీకు తప్పాయి. 

సోల్డర్ గురించి ఒక మాట. ఇంజిన్ గదిలో అదిరే చోట సోల్డర్ పెట్టిన వైరు, సోల్డర్ ఆగిపోయిన అంచు దగ్గర విరుగుతుంది. మంచి క్రింపింగ్ ప్లయర్ కొని, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. పళ్ళతోనో, మామూలు పటకారుతోనో నొక్కిన క్రింపు వద్దు.


నిబంధన_52 (హైదరాబాద్):

వైరింగ్ మధ్యలో కాగితాల మాట తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి, దీన్ని వాయిదా వేస్తే బండి రోడ్డెక్కదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్‌లో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని చేర్చారు.

మీ ఆర్సీలో పాత ఇంజిన్ నంబరు, 1489 సీసీ అని ఉంటాయి. రెండూ మారాయి. ఒకే కంపెనీ ఇంజిన్ కదా అనుకుని ఊరుకోవద్దు. మీ రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి, వాళ్ళిచ్చే జవాబు రాతలోనే తీసుకోండి. ఇంజిన్ కొన్న బిల్లు, ఆ 2004 బండి ఆర్సీ రద్దయినట్టు కాగితం మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ఆటోనగర్‌లో అమ్మినవాళ్ళ దగ్గరికి ఇప్పుడే వెళ్ళండి, షాపులు మారిపోతుంటాయి. అది తేలేవరకూ బండిని షెడ్డు దాటించకండి. ఇంజిన్ నంబరు కలవకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్ళు మొట్టమొదట పట్టుకునేది దాన్నే.


గోదావరి_మార్క్3 (రాజమండ్రి):

కటౌట్ గారూ, మీకు పాదాభివందనం బాబాయ్ గారూ. మీరు చెప్పిన వరసలోనే చూశాం.

సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ పోస్టుకూ బ్లాకుకూ మధ్య చూస్తే 1.7 వోల్టులు. అల్లిక పట్టీ ఉంది కానీ చాసిస్ వైపు కొస కొత్త నల్ల పెయింటు మీద బిగించి ఉంది. థింబుల్ ఎత్తితే కింద పెయింటు గీత కూడా పడలేదు. రుద్ది బిగించి, గేర్‌బాక్స్ బోల్టుకు నేరుగా కేబుల్ వేశాక 0.14 వచ్చింది. సెల్ఫ్ మునుపటికంటే చురుగ్గా తిరుగుతోంది, కేబుల్ చల్లగా ఉంది. మెత్తబడిన ఆ కేబుల్ మార్చేశాను.

ఈసీయూ ఇగ్నిషన్ వైరు ఆన్‌లో 12.3, సెల్ఫ్‌లో సున్నా. రేడియో టెర్మినలే. పక్క టెర్మినల్‌కు రిలే మీదుగా మార్చగానే మొదటి తిప్పులోనే అంటుకుంది. నాన్నగారు పక్కనే నిలబడి ఉన్నారు, మాట రాలేదు ఆయనకు. ఎల్ వైరు పీకితే తాళం తీయగానే ఆగుతోంది, డయోడ్ తెప్పిస్తున్నాను. డ్యాష్‌బోర్డు కింద స్క్రూకు బిగించిన ఎర్త్‌లలో రెండు సెన్సర్లవి, అవి విడదీశాక హెడ్‌లైట్లు వేసినా ఐడిల్ కదలట్లేదు. పంపు రిలే వైరు దొరికింది, ఈసీయూ రెండు సెకన్లు నడిపి ఆపుతోంది. రిలే పెట్టె కోసం కొలతలు తీసుకుంటున్నాం. నిబంధన గారూ, బిల్లు ఉంది, ఆర్సీ రద్దు కాగితం కోసం సోమవారం విజయవాడ వెళ్తున్నా. కాగితాలు తేలేదాకా బండి షెడ్డులోనే.

మిగిలింది టెంపరేచర్ ముల్లు. ఇంజిను చల్లగా ఉన్నా తాళం వేసిన అర నిమిషంలో ఎరుపు దగ్గరికి వెళ్తుంది. ఇంకోటి గమనించాను, పెట్రోలు ముల్లు కూడా టాంకులో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది. ఎలక్ట్రీషియన్ ఈసీయూ టెంపరేచర్ సెన్సర్ వైరు నుంచే డ్యాష్‌బోర్డు మీటరుకు ఒక కొమ్మ తీశారు.


కటౌట్_రిలే (విజయవాడ):

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. 

ఆ కొమ్మను ఇప్పుడే తీసెయ్యి. ఈసీయూ తన సెన్సర్‌కు 5 వోల్టుల నుంచి సన్నటి కరెంటు పంపి చదువుకుంటుంది. దానికి మీటరు కూడా తగిలిస్తే అది చదివేదంతా అబద్ధమవుతుంది, ఇంజిన్ నిజంగా ఎంత వేడిగా ఉందో తెలియక పెట్రోలు తప్పు లెక్కతో ఇస్తుంది. మీటరుకు విడి సెన్సర్ ఉండాల్సిందే. ఇసుజు ఇంజిన్ మీద మీటరు కోసం ఒంటి వైరు సెన్సర్ ఉంటే దాని ఓమ్‌లు మీ పాత మీటరుకు సరిపడకపోవచ్చు. పాత ఇంజిన్ సెన్సర్ పారేయలేదు కదా? దాన్ని రేడియేటర్ పై హోసులో అడాప్టర్ పెట్టి బిగించుకోవచ్చు. అడాప్టర్ రెండు వైపులా రబ్బరే కాబట్టి దానికి ఎర్త్ రాదు, అడాప్టర్ ఒంటికి విడిగా ఒక ఎర్త్ వైరు బిగించి బ్లాకుకు కలపాలి. లేకపోతే ముల్లు అసలు లేవదు, మీటరు పోయిందనుకుని అదీ విప్పుతారు.

రెండు ముళ్ళూ ఎక్కువ చూపిస్తున్నాయంటే అది వేరే సంగతి. ఆ కాలపు మీటర్ల వెనక అగ్గిపెట్టెకంటే చిన్న రేకు డబ్బా ఒకటి ఉంటుంది, వోల్టేజ్ స్టెబిలైజర్. లోపల పట్టీ వేడెక్కి వంగుతూ, చల్లారి మూసుకుంటూ, సగటున 10 వోల్టులు వచ్చేలా కరెంటును తెంపి తెంపి ఇస్తుంది. ఆ పట్టీ వేడెక్కడానికి కావాల్సిన ఎర్త్ దాని డబ్బా గుండానే వస్తుంది. మీటర్ల ప్యానెల్ విప్పి బిగించినప్పుడు ఆ స్క్రూ వదులైతే తెంపడం ఆగిపోతుంది, బ్యాటరీ వోల్టేజీ అంతా ముళ్ళకు వెళ్తుంది. అందుకే రెండూ పైకి పోతాయి. స్టెబిలైజర్ ఔట్‌పుట్ దగ్గర చిన్న టెస్ట్ ల్యాంప్ పెట్టు. అర నిమిషం తర్వాత బల్బు ఆగి ఆగి వెలిగితే అది బాగుంది. ఆగకుండా వెలిగితే డబ్బాకు ఎర్త్ వైరు ఒకటి తగిలించి మళ్ళీ చూడు. సెన్సరు కొనే పని దాని తర్వాతే.